ఎవరి పక్కన కూచున్నావమ్మా?



వేసవి సెలవులు అయిపోయాయంటే ఇంట్లో హడావుడి మొదలు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మామూలుగా జూన్ 12వ తేదీకి బళ్ళు తెరుస్తారు. పుస్తకాలు కొనడం, అట్టలు వెయ్యడం, పొట్టి అయిపోయిన గౌనుకి మడత విప్పి కుట్టడం, బూట్లు, నీళ్ళ సీసా - వీటితోనే మనకు తెల్లవారుతుంది, పొద్దుగూకుతుంది. అన్నీ అమర్చి బిడ్డను గుమ్మం దాటించాక, హమ్మయ్య, మన పని అయిపోయిందనుకుంటాం. బిడ్డ పని అప్పుడే మొదలవుతుందన్న సంగతి నాకు చాలాకాలం తట్టలేదు. నేను చదివింది పదో తరగతి వరకే. ఇవాళ చెప్పబోయేది పిల్లల్ని పెంచుతూ తెలుసుకున్నదే.

కొన్నేళ్ళ క్రితం మావారికి బదిలీ అయి కొత్త ఊరు వెళ్ళాం. మా అమ్మాయిని అక్కడ నాలుగో తరగతిలో చేర్చాం. మొదటిరోజు నుంచీ టిఫిను డబ్బాలో రెండు ముద్దలు తగ్గి, మిగతాదంతా అలాగే తిరిగి వచ్చేది. వంట నచ్చలేదు కాబోలు అనుకున్నాను. ఒకరోజు పులిహోర, ఒకరోజు బంగాళాదుంప వేపుడు, ఒకరోజు చపాతీలు - ఏం పెట్టినా అంతే. "తెల్లవారకుండా లేచి చేసిపెడితే ఇలా పారేస్తావా?" అని నాలుగు కేకలు కూడా వేశాను. అది నోరు విప్పలేదు.

ఆదివారం తలంటి జడ వేస్తుంటే దానంతటదే అంది. "అమ్మా, అన్నం తినేటప్పుడు అందరూ గుండ్రంగా కూచుంటారు. నన్ను పిలవరు. ఒక్కదాన్నీ తింటుంటే అందరూ నాకేసే చూస్తున్నట్టుంటుంది. అందుకని మూత పెట్టేస్తాను."

నేనేమో ఉప్పూ కారం సరిచూసుకుంటున్నాను. లోపం వంటలో లేదు!

ఇందులో ఆ పిల్లల దుర్మార్గం ఏమీ లేదండీ. ఒకే వీధివాళ్ళు, ఒకే ఆటోలో వచ్చేవాళ్ళు, చిన్న తరగతుల నుంచీ కలిసి చదువుకున్నవాళ్ళు జట్లు కట్టి ఉంటారు. సెలవుల తరువాత కలుసుకున్న సంబరంలో కొత్తపిల్ల వాళ్ళ కంటికి ఆనదు. పాఠం జరిగేటప్పుడు ఎవరు ఎక్కడ కూచోవాలో టీచరు చెబుతారు. అన్నాల వేళ, ఆటల వేళ చెప్పేవారెవరూ ఉండరు. అంచేత ఒంటరి బిడ్డ ఎవరో ఆ రెండు వేళల్లోనే బయటపడుతుంది. మనం అడిగేది మాత్రం పాఠాల సంగతే.

పొద్దున్నే ప్రార్థనలో పిల్లలు ప్రతిజ్ఞ చేస్తారు కదా. అది మొదట తెలుగులోనే పుట్టింది. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు 1962లో రాశారు. దేశంలోనివాళ్ళంతా తోబుట్టువులమని అందులో పిల్లలు రోజూ చెబుతారు. ఆ మాట బల్లమీద పక్కన కూచున్న పిల్లదాకా రావాలంటే పెద్దవాళ్ళు కాస్త దారి చూపించాలి. ప్రభుత్వ బళ్ళలో 2003 జనవరి నుంచి, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో, మధ్యాహ్నం వండి వడ్డించడం మొదలైంది. అందరూ ఒకే వరసలో కూచుని ఒకే కూర తినే చోట, కొత్తపిల్లకు పంక్తిలో చోటైనా దొరుకుతుంది. డబ్బాలు తెచ్చుకునే చోట ఆ చోటు ఎవరైనా ఇవ్వాల్సిందే.

నేనేం చేశానంటారా? మర్నాడు వెళ్ళి క్లాసు టీచరుగారితో రెండు ముక్కలు చెప్పాను, ఎవరిమీదా ఫిర్యాదుగా కాదు. ఆవిడ అందరి ముందూ "దీనితో ఆడుకోండర్రా" అనలేదు. అలా అంటే పిల్ల సిగ్గుతో చచ్చిపోను! నోటుపుస్తకాలు పంచే పని మా అమ్మాయికీ, ఇంకో అమ్మాయికీ కలిపి అప్పగించారు. కలిసి చేసే పని ఒకటుంటే మాట దానంతటదే కలుస్తుంది. ఇంట్లో నేను అడిగే ప్రశ్న మార్చాను. "ఇవాళ ఏం చెప్పారు?" అనడం మాని, "ఎవరి పక్కన కూచున్నావు? ఏం ఆట ఆడారు?" అన్నాను. జవాబు రాకపోతే గుచ్చి గుచ్చి అడగలేదు.

ఒంటరితనం వేరు, వేధింపు వేరు. ప్రతి సోమవారం కడుపునొప్పి అంటున్నా, పెన్సిళ్ళూ పుస్తకాలూ తరచు మాయమవుతున్నా, ఒంటిమీద కమిలిన మచ్చలున్నా ఆలస్యం చెయ్యకుండా ప్రధానోపాధ్యాయుల్ని కలవండి. పిల్లల్ని కొట్టడం, మనసు గాయపడేలా వేధించడం తగదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్ళలో యాజమాన్య కమిటీ ఉండాలనీ, అందులో కనీసం ముప్పాతికమంది తల్లిదండ్రులు, సగంమంది స్త్రీలు ఉండాలనీ కూడా అందులో ఉంది. మనకెందుకులే అనుకోకుండా ఆ సమావేశాలకు వెళ్ళండి.

ఇక ఒక మాట చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది. పాత ఊళ్ళో ఉన్నప్పుడు, ఓ జూన్ నెలలో మా అమ్మాయి "అమ్మా, మా క్లాసులో కొత్తమ్మాయి చేరింది, ఎవరితోనూ మాట్లాడదు" అంది. పొయ్యిమీద పోపు మాడుతున్న హడావుడిలో "నీకెందుకే, నీ చదువు నువ్వు చూసుకో" అనేశాను. ఆ పిల్ల తల్లి కూడా తిరిగి వచ్చిన డబ్బా చూసుకుని, వంటలో ఏం తక్కువైందో అనుకునే ఉంటుంది. నా బిడ్డకు అదే జరిగాకగాని నాకా సంగతి గుర్తు రాలేదు.

అంచేత కొత్త బడిలో చేరిన పిల్లల తల్లులకన్నా పాత పిల్లల తల్లులకే నా విన్నపం. ఈ వారం మీ అమ్మాయినో అబ్బాయినో "మీ క్లాసులో కొత్తగా ఎవరు చేరారు? అన్నం ఎవరితో తింటున్నారు?" అని అడగండి. డబ్బాలో రెండు చెక్కలు ఎక్కువ పెట్టి పంపండి.

పదిహేను రోజుల తరువాత మా అమ్మాయి డబ్బా ఖాళీగా వచ్చింది. కడగబోయి చూస్తే అడుగున గోంగూర పచ్చడి అంటుకుని ఉంది. ఆ వేళ నేను పెట్టింది పెరుగన్నం, ఆవకాయ బద్ద. ఎవరు పెట్టారే అంటే పేరు చెప్పి, "రేపు నువ్వు ఆవకాయ రెండు బద్దలు పెట్టు, దానికి ఇష్టం" అంది.