నేల పదను - నీటి లెక్క

వ్యవసాయమునకు నీరే ప్రాణమని మనమందరము చిన్ననాటి నుండి చదువుకొనుచున్నాము. కాని ఆ నీరు ఎంత ఉన్నదో, ఎంత వాడుచున్నామో లెక్క వేసి చూచినవారు మనలో అరుదు. పూర్వపు అనంతపురం జిల్లాను ఉదాహరణగా తీసికొని ఆ లెక్కను ఇచట పరిశీలింతము.

ఆ జిల్లాలో ఏటా కురియు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో సుమారు 4,000 లీటర్ల నీరగును. అనగా ఎకరమునకు ఏటా లభించునది 22 లక్షల లీటర్లు. నీరు నిలువగట్టి పండించు వరికి ఎకరమునకు సుమారు 1,200 మిల్లీమీటర్లు, అనగా 48 లక్షల లీటర్లు కావలెను. ఇందులో కొంత తిరిగి నేలలోనికి ఇంకినను లోటు తప్పదు. ఆ లోటును బోరుబావి తీర్చుచున్నది. బోరులోని ఊట పొరుగువాని పొలము క్రింది నుండి కూడ వచ్చును. ఒకరు లోతుగా వేసినచో మరియొకరి బావి ఎండును. అతడు అప్పు చేసి ఇంకను లోతుగా వేయును. ఈ పందెములో గెలిచినవారు లేరు.

దీనికి మొదటి ఉపాయము వాన నీటిని నేలలోనే నిలుపుట. పరిరక్షణ సేద్యమునకు మూడు సూత్రములు కలవు: దుక్కిని వీలైనంత తగ్గించుట, పంట మోళ్లతోను ఆకుతోను నేలను కప్పి ఉంచుట, పంటలను మార్చి మార్చి వేయుట. కప్పు గల నేలపై చినుకు దెబ్బ నేరుగా తగలదు; మట్టి అంతగా కొట్టుకొనిపోదు; పదను త్వరగా ఆరదు. అయితే మెట్ట ప్రాంతములలో పంట చొప్పయే పశువులకు మేత. మేతకు వేరు దారి చూపక రైతును నిందించుట న్యాయము కాదు.

రెండవది నీటిని కొలత ప్రకారము పారించుట. బిందుసేద్యము మొక్క మొదలుకే నీరందించును. వేరుశనగ, కొర్ర వంటి ఆరుతడి పంటలకు వరికి కావలసిన నీటిలో సగము కూడ అక్కరలేదు. కాని మిగిలిన నీటితో మరి రెండెకరములు సాగు చేసినచో ఊటకు ఒరిగినదేమి?

అందుచేత ఊరంతయు కలిసి లెక్క వేయుట మూడవ ఉపాయము, ముఖ్యమైనది కూడ. 2003 తరువాత అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాలలో, రైతులే భూగర్భజలమును పర్యవేక్షించుకొను పథకమొకటి నడిచినది. గ్రామస్థులు వానను కొలిచిరి; బావులలో నీటి మట్టమును వ్రాసికొనిరి; రబీకి ముందు ఒకచోట చేరి, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్క కట్టిరి. ఏ పంట వేయవలెనో ఎవరును శాసింపలేదు. లెక్క చూచిన పలువురు తమంతట తామే వరిని తగ్గించిరి.

ఇది మనకు అందని విద్య కాదు. మనలో పల్లెల నుండి వచ్చినవారు సెలవులలో ఊరి బావి మట్టమును తాడుతో కొలిచి నోటుపుస్తకములో వ్రాసి, రచ్చబండ వద్ద పెద్దలకు చదివి వినిపింపవచ్చును. మనము నేర్చిన గణితమునకు అంతకన్న మంచి వినియోగము ఏమి కలదు?