తుంగభద్రకు ఇటు 43, అటు 23

ఆలంపూర్ చౌరస్తా నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణానికి పోతే కాసేపట్లోనే తుంగభద్ర వంతెన వస్తుంది. దాటితే కర్నూలు. ఇటు తెలంగాణలోని నడిగడ్డ, అటు ఆంధ్రప్రదేశ్‌లోని రాయలసీమ. జొన్నరొట్టె రెండు వైపులా ఉంది, ఎండ రెండు వైపులా ఉంది, వియ్యాలూ అటూ ఇటూ నడుస్తూనే ఉంటాయి. కానీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ ఏటి మీద పెద్ద గీతే గీసింది. 2019-21 లెక్కల ప్రకారం పదిహేనేళ్లు, అంతకు పైబడిన మగవాళ్లలో మద్యం తాగేవాళ్లు తెలంగాణలో 43.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం. దేశం మొత్తానికి 18.8. ఆడవాళ్ల దగ్గర తేడా ఇంకా ఎక్కువ. ఇటు 6.7 శాతం, అటు 0.5 శాతం. పదమూడు రెట్లు! ఇవి రాష్ట్రాల సగటులే తప్ప ఆలంపూర్‌కో, కర్నూలుకో విడిగా తీసిన అంకెలు కావు. అయినా ఒక ప్రశ్న తప్పదు. ఈ తేడా ఒంట్లో ఉందా, అలవాటులో ఉందా?

ముందు ఒంటి సంగతి. తాగిన ఆల్కహాల్‌ను కాలేయం మొదట అసిటాల్డిహైడ్ అనే విషంగా, ఆ తర్వాత పెద్దగా హాని లేని అసిటేట్‌గా మారుస్తుంది. ఈ రెండో పని చేసే ఎంజైమ్ పేరు ఏఎల్‌డీహెచ్2. చైనా, జపాన్, కొరియా ప్రజల్లో మూడో వంతుకు పైగా మందికి అది సరిగా పనిచేయదు. నాలుగు గుక్కలు పడగానే మొహం ఎర్రబడుతుంది, గుండె దడ పుడుతుంది, కడుపులో తిప్పుతుంది. ఇలాంటివాళ్లు సుమారు 54 కోట్ల మంది ఉంటారని అంచనా. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ మాత్ర చేసేదీ ఇదే. వాళ్లకు పుట్టుకతో ఉన్న ఇబ్బందిని మనకు మాత్రతో తెచ్చిపెడుతుంది. భారతదేశంలో ఈశాన్యాన్ని పక్కన పెడితే ఈ జన్యుమార్పు చాలా అరుదు. ఆ అడ్డుకట్ట కర్నూలువాళ్లకూ లేదు, ఆలంపూర్‌వాళ్లకూ లేదు. కాబట్టి 43కూ 23కూ మధ్య ఉన్న ఇరవై పాయింట్ల తేడాను రక్తం మీదికి నెట్టడం కుదరదు.

ఒళ్లా, అలవాటా అన్న ఇదే ప్రశ్న పాల దగ్గర వేస్తే కథ తిరగబడుతుంది. పాలలోని చక్కెర లాక్టోజ్. దాన్ని అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ పసితనంలో అందరికీ ఉంటుంది, పెద్దయ్యాక చాలామందికి తగ్గిపోతుంది. ప్రపంచంలో పెద్దవాళ్లలో మూడింట రెండు వంతుల మంది పరిస్థితి ఇదే. 1981లో అచ్చయిన ఒక భారతీయ అధ్యయనంలో ఈ ఎంజైమ్ కొరత ఢిల్లీలో పరీక్షించినవాళ్లలో 27.4 శాతం మందికి ఉంటే, హైదరాబాద్, పుదుచ్చేరిల్లో పరీక్షించినవాళ్లలో 66.6 శాతం మందికి ఉంది. 2012లో రెండు వేలకు పైగా భారతీయుల జన్యువులు చూసిన మరో పరిశోధన కూడా ఇదే దారి చూపింది. పెద్దయ్యాకా పాలు అరిగించే జన్యుమార్పు వాయవ్యాన ఎక్కువ, దక్షిణానికి, తూర్పుకు వచ్చేకొద్దీ తక్కువ. నీలగిరి తోడాలు మాత్రం దీనికి పెద్ద మినహాయింపు. వాళ్లు తరతరాలుగా బర్రెలను మేపినవాళ్లు.

పశువుల కాపరితనం కొత్తది కావడం వల్ల దక్షిణాదికి ఈ జన్యువు రాలేదనుకుందామా? పాలమూరు (పాత మహబూబ్‌నగర్) నేల ఆ మాట ఒప్పుకోదు. మక్తల్ ప్రాంతంలోని ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్.ఆర్. ఆల్చిన్ ఒక బూడిద దిబ్బను తవ్వించాడు. అది నవీన శిలాయుగపు పశువుల దొడ్డి. పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ కాల్చగా మిగిలిన బూడిద అది. వయసు నాలుగు వేల ఏళ్ల పైమాటే. అన్నేళ్లు ఆవులతో బతికిన నేల మీద కూడా ఆ జన్యువు అందరిదీ కాలేదు.

పాలు అరగని ఇబ్బందికి వంటిల్లు జవాబు వెతుక్కుంది. గ్లాసెడు, అంటే 200 మిల్లీలీటర్ల పాలలో లాక్టోజ్ దాదాపు 10 గ్రాములు. అరుగుదల తక్కువున్నవాళ్లలో కూడా ఎక్కువమంది ఒకసారికి 12 గ్రాముల దాకా తట్టుకుంటారు. పాలు తోడుకుంటే అందులోని సూక్ష్మజీవులు కొంత లాక్టోజ్‌ను తినేస్తాయి, మిగిలినదాన్ని మన పేగులో అరిగించడానికీ సాయపడతాయి. ఒక వంతు పెరుగుకు మూడు వంతుల నీళ్లు పోసి చిలికిన సల్ల గ్లాసెడు తాగితే కడుపులోకి పోయేది 2 గ్రాములే. నెయ్యిలో దాదాపు సున్నా. అరగదనుకున్న దక్షిణాదిలో పాడి నిలిచిందంటే ఆ ఘనత జన్యువుది కాదు, తోడుచుక్కది.

మళ్లీ మద్యం దగ్గరికి. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధించినప్పుడు, 1997లో ఆ నిషేధం ఎత్తేసినప్పుడు రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రం, ఒకే చట్టం. దారులు వేరైంది 2014 తర్వాత. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దుకాణాలను తన చేతిలోకి తీసుకుని ధరలు పెంచాక, ఇటు నుంచి అటు పోయే సీసాలను పంచలింగాల చెక్‌పోస్టు దగ్గర పట్టుకోవడం అప్పట్లో మామూలు వార్త అయిపోయింది. కానీ ధర ఒక్కటే కారణమైతే ఆడవాళ్ల అంకెల్లో పదమూడు రెట్ల తేడా ఎందుకుంటుంది? ఆ తేడా వెనక కనబడేది కల్లు. తెలంగాణ పల్లెలో దేవతకు కల్లు శాక పోస్తారు, దావత్‌లో, దినాల్లో చుట్టాల ముందు కల్లు పెడతారు. సర్వేవాళ్లు అడిగితే ‘తాగుతా’ అనడానికి ఇక్కడి పెద్దమ్మ సిగ్గుపడదు. ఆ తేడాలో కొంత తాగుడుదైతే, కొంత దాపరికం లేనితనానిదని నా అనుమానం.

అలాగని కల్లు నీళ్లు కాదు. చెట్టు మీద నుంచి దిగినప్పుడు తియ్యగా ఉండే నీరా కొన్ని గంటల్లో పులిసి, 4 నుంచి 6 శాతం ఆల్కహాల్ పట్టుకుంటుంది. 5 శాతం లెక్కన 650 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 25 గ్రాముల ఆల్కహాల్. 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది 20 గ్రాములే. ఏ మోతాదైనా క్షేమం అనలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది.

ఈ లెక్క కూడా చెట్టు కల్లుకే వర్తిస్తుంది. ఈత, తాటి చెట్లు చాలని చోట దుకాణానికి వచ్చే సీసాలో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రాజోలామ్ ఉండొచ్చు. అవి నిద్రమత్తు మందులు, కల్లు కంటే గట్టిగా పట్టుకుంటాయి. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగినప్పుడు పాలమూరు, నిజామాబాద్ ఆసుపత్రులు రోగులతో నిండాయి. వాళ్లలో చాలామంది పడిపోయింది తాగినందుకు కాదు, ఉన్నట్టుండి ఆపినందుకు. చేతులు వణకడం, పిచ్చి మాటలు, ఫిట్స్. మీ ఇంట్లో రోజూ దుకాణం కల్లు తాగే పెద్దవాళ్లుంటే ఒక్కరోజులో బలవంతంగా మాన్పించకండి. ముందు ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయి, తాగేది కల్లేనని దాచకుండా చెప్పండి. ఆ నిద్రమత్తు మందు మోతాదు డాక్టరే మెల్లగా తగ్గిస్తాడు.