అడవిపందికి ఏ తుపాకి? కొనుటకు ముందు తెలిసికొనవలసిన సంగతులు

వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే కాలం వచ్చినదంటే మా సరిహద్దు గ్రామాలలో రైతు కంటికి నిద్ర ఉండదు. అడవిపందుల గుంపు ఒక్కటి దిగినదంటే తెల్లవారేసరికి సాళ్లకు సాళ్లే తిరగబడి ఉంటాయి. తిన్నది కొంత, తవ్వి పాడుచేసినది అంతకు పదింతలు. మొక్కజొన్నకూ, చిలగడదుంపకూ ఇదే గతి.

మొన్నటి పంటకాలంలో మా బడి విద్యార్థి తండ్రి ఒకరు మా ఇంటికి వచ్చి, "అయ్యవారూ, ఇంగ్లండులో నక్కలను దుర్బీను బిగించిన రైఫిలుతో రాత్రిపూటే కొడుతున్నారు. ఫోనులో చూసినాను. నాకూ అట్లాంటిది ఒకటి కావలె. అర్జీ రాసి ఇయ్యండి" అని అడిగినారు. రెండేండ్లుగా పంట పోగొట్టుకొన్న మనిషి. ఆయన కోపంలో న్యాయమున్నది. అయితే అర్జీ రాయక ముందు మేమిద్దరం కూర్చుని ఒక్కొక్క సంగతే విచారించుకొన్నాము. అదే ఆలోచనలో ఉన్న మరికొందరు రైతు సోదరులకు ఉపయోగపడునని వాటిని ఇక్కడ పొందుపరుస్తున్నాను.

అనుమతి ఒకటి కాదు, రెండు

తుపాకి ఉంచుకొనుటకు లైసెన్సు వేరు, పందిని కాల్చుటకు అనుమతి వేరు. మొదటిది 1959 నాటి ఆయుధాల చట్టం కింద జిల్లా అధికారులు ఇచ్చేది. రెండవది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీశాఖ ఇచ్చేది. ఒకటి చేతిలో ఉంటే రెండవది ఉన్నట్లు కాదు. లైసెన్సు గల తుపాకితోనైనా అనుమతి లేక పందిని చంపితే అది వేటయే. దానికి మూడేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండూ పడవచ్చును.

వన్యప్రాణి చట్టానికి 2022లో సవరణ జరిగి, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది. దాని ప్రకారం అడవిపంది రెండవ షెడ్యూలులో ఉన్నది. ఇట్టి జంతువు మనుషుల ప్రాణానికి గాని, నిలిచి ఉన్న పైరుతో సహా ఆస్తికి గాని ప్రమాదకరమైనదని తోచినపుడు, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని కారణాలు చూపి వ్రాతపూర్వకంగా ఉత్తరువు ఇవ్వవచ్చును. ఇది 11వ సెక్షను. ఆ ఉత్తరువు మీద చంపిన పంది కూడా ప్రభుత్వ ఆస్తియే. మాంసం పంచుకొనరాదు.

"పందిని చంపవచ్చునని కేంద్రమే చెప్పినదట" అనే మాట సంతలలో వినబడుతూ ఉంటుంది. 2015 డిసెంబరులో బీహారుకు, 2016లో ఉత్తరాఖండుకు అట్టి ప్రకటన వచ్చిన మాట నిజమే. అది ఆయా రాష్ట్రాలలో పేర్కొన్న జిల్లాలకు, ఒక సంవత్సర కాలానికి మాత్రమే పరిమితము. ఆ మాట నమ్ముకొని మన పొలంలో తుపాకి ఎత్తరాదు.

చట్టం ఏ తుపాకిని తలచినది?

ఆయుధాల చట్టం 13వ సెక్షనులో పంట కాపుదల మాట స్పష్టంగా ఉన్నది. నిజమైన పంట రక్షణకు మొదట చెప్పినది మూతి నుండి మందు కూరే తుపాకి. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే, 20 అంగుళాలకు తక్కువ కాని గొట్టం గల నున్నని గొట్టపు తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చును. మనవారు పన్నెండు బోరు అనేది ఈ జాతిదే. రైఫిలుకు అడుగరాదని లేదు గాని, అందుకు తగిన కారణం అధికారికి వేరుగా చూపవలెను. 2019 సవరణ తరువాత లైసెన్సు గడువు 5 సంవత్సరాలు. లైసెన్సు లేని నాటు తుపాకి ఇంట్లో దొరికితే 2 నుండి 5 సంవత్సరాల జైలు, దానిపై జరిమానా.

పంట కాపుదలకు చట్టం రైఫిలును గాక నున్నని గొట్టాన్ని పేర్కొన్నది. అది మన పొలాలకు ఎందుకు తగునో తెలియవలెనంటే గుండు ఎంత దూరం పోతుందో తెలియవలెను.

బోరు అనగా ఏమి, గుండు ఎంత దూరం పోవును?

రైఫిలు గొట్టం లోపల మెలితిరిగిన గాళ్లు ఉంటాయి. అవి గుండును బొంగరంలా తిప్పి పంపుతాయి. తిరుగుతున్న గుండు తిన్నగా, చాలా దూరం పోతుంది. రైఫిలు పేరులోని అంకె గొట్టపు వ్యాసాన్ని అంగుళంలో వంతుగా తెలుపుతుంది. పాయింట్ 22 అనగా సుమారు 5.6 మిల్లీమీటర్లు. పాయింట్ 315 అనగా 8 మిల్లీమీటర్లు.

పన్నెండు బోరు లెక్క వేరు. గొట్టానికి సరిపోయే సీసపు గుండ్లు పన్నెండు తూచితే ఒక పౌను అవుతాయి. అందుచేత ఆ పేరు. దాని వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఇందులో ఒక గుండు కాక, అనేకమైన సీసపు గుళ్లు ఒక్కసారి వెలువడి విచ్చుకొంటూ పోతాయి. పిట్టలకు వాడే చిన్న గుళ్లు పంది తోలులో దిగి గాయం చేస్తాయే గాని ప్రాణం తీయవు. గాయపడిన పంది మనిషి మీదికి వస్తుంది. పందికి ఎల్‌జీ, ఎస్‌జీ అనే పెద్ద గుళ్ల తూటాలే తగినవి. ఎల్‌జీ గుండు సుమారు 9 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇవి కూడా 30 గజాల లోపలే నమ్మకంగా పనిచేస్తాయి. ఎయిర్‌గన్ను పందికి పనికిరాదు.

ఇక దూరం. అతి చిన్నదని చులకన చేసే పాయింట్ 22 గుండు కూడా పైకెత్తి కాలిస్తే ఒకటిన్నర మైలు, అనగా రెండున్నర కిలోమీటర్ల దాకా పోగలదు. పాయింట్ 315 గుండు దానికన్నా ఎంతో బరువైనది, వేగమైనది. మన ఊళ్లలో ఒక పొలానికి, తరువాతి మంచెకు నడుమ దూరం ఎంత? రెండు వందల గజాలు కూడా ఉండదు. ఆ మంచె మీద మరొక రైతు కావలి పడుకొని ఉంటాడు. పన్నెండు బోరు గుళ్లు కూడా కొన్ని వందల గజాలు పోగలవు గాని, త్వరగా వేగం కోల్పోతాయి. గుంపుగా చేలు, దగ్గరగా ఇండ్లు ఉన్న మన నేలకు దూరం పోనిదే మేలు.

స్కోపు సంగతి

స్కోపు మీద 4×32 అని ఉంటే నాలుగింతలు పెద్దదిగా చూపునని, ముందరి అద్దం వ్యాసం 32 మిల్లీమీటర్లని అర్థము. రెండవ అంకెను మొదటి దానితో భాగించితే కంటికి చేరే వెలుగు కట్ట వెడల్పు వస్తుంది. 32ను 4తో భాగించితే 8. అదే 3-9×40 అనే దానిని తొమ్మిదింతలకు పెంచితే 40ని 9తో భాగించగా నాలుగున్నర కూడా రాదు. చీకటిలో కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకొంటుంది, వయస్సు మీరిన కొద్దీ అది తగ్గుతుంది. కాబట్టి మసక వెలుతురులో ఎక్కువ ఇంతలు చూపేది కొంటే చీకటే ఎక్కువ కనబడుతుంది.

అసలు 30 గజాల లోపల పన్నెండు బోరుకు స్కోపుతో పని లేదు. మంచి టార్చి, పక్కన మరొక మనిషి చాలును. వేడిని చూపే థర్మల్ స్కోపులో పంది తెల్లగా కనబడుతుంది. వంగి నీరు కడుతున్న మనిషీ, పడుకొన్న దూడా కూడా తెల్లగానే కనబడతాయి. స్కోపులో వెదకుట అనగా తుపాకి మూతిని నాలుగు వైపులా తిప్పుటయే. వెదకుటకు టార్చి, గురికే స్కోపు.

పంది వెనుక ఏమున్నది?

నా మిత్రుడు చూసిన ఇంగ్లండు పద్ధతిలో వీడియోలు చూపని భాగం ఒకటున్నది. అక్కడ నక్కకు పాయింట్ 223, పాయింట్ 243 రైఫిళ్లు వాడుక. కాని రైఫిలుకు అనుమతి ఇచ్చునపుడు, ఏ నేల మీద కాల్చదలచినావు, ఆ నేల అందుకు తగినదా అని పోలీసులు విచారిస్తారు. గుండును మింగే మట్టిగట్టు వెనుక లేకపోతే అక్కడి తెలిసినవారు మీట నొక్కరు.

దీనిని లెక్కలో చూడండి. నేల మీద నిలబడి 60 గజాల దూరాన ఉన్న పందిని కాలిస్తే, తగలని గుండు దాని వెనుక మరి ఇరవై గజాలకు పైగా పోయి గాని నేలను తాకదు. పది అడుగుల మంచె మీద కూర్చుని 20 గజాల దూరాన కాలిస్తే రెండు మూడు గజాలలోనే మట్టిలో దిగబడుతుంది. మన పెద్దల మంచెయే మనకు మట్టిగట్టు. అయితే బండరాయి మీద, నీటి మీద తగిలిన గుండు జారి ఎటైనా పోవచ్చును. గుండ్రాళ్లు నిండిన మన చేలలో ఇది మరువరాదు.

గీతకు ఇవతల, అవతల

సరిహద్దు రైతుకు మరొక చిక్కున్నది. ఇల్లు ఒక రాష్ట్రంలో, చేను మరొక రాష్ట్రంలో ఉండవచ్చును. లైసెన్సులో అది చెల్లే ప్రాంతం వ్రాసి ఉంటుంది. దానిని చదువుకొనక గీత దాటరాదు. అడవిపంది విషయంలో చేను ఏ రాష్ట్రంలో ఉన్నదో ఆ రాష్ట్రపు అటవీశాఖ మాటే చెల్లును.

ఉదాహరణకు తమిళనాడు ప్రభుత్వం 2025 జనవరిలో ప్రకటించిన విధానం చూడండి. రిజర్వు అడవి నుండి 1 కిలోమీటరు లోపల పందిని చంపరాదు. 1 నుండి 3 కిలోమీటర్ల నడుమ పట్టి అడవిలో వదలవలెను. 3 కిలోమీటర్లు దాటిన చోట కాల్చవచ్చును గాని, కాల్చవలసినది శిక్షణ పొందిన అటవీ సిబ్బంది, రైతు కాదు. అనగా ఆ వైపు చేను గలవారు తుపాకికి డబ్బు పెట్టుటకన్న రేంజరు కార్యాలయంలో అర్జీ ఇచ్చుట మేలు. సర్వే నంబరు, పైరు, నష్టం జరిగిన తేదీ, ఫొటోలు జతచేసి, అర్జీ నకలు మీద ముద్ర వేయించుకొని దాచుకొనండి.

ఇంకొక మాట. మన నక్కనూ, గుంటనక్కనూ చట్టం కాపాడుతున్నది. అవి చేలలో ఎలుకలను తినిపెట్టే నేస్తాలు. ఇంగ్లండు నక్కకు చెప్పిన మాట మన నక్కకు చెల్లదు.

తుపాకి కన్న చెడ్డది

తుపాకి దొరకలేదని కొందరు కరెంటు తీగ పరుస్తున్నారు, మరికొందరు నాటు బాంబు పెడుతున్నారు. తుపాకి పట్టినవాడు ఒక్క క్షణమైనా చూసి కాలుస్తాడు. తీగకు కన్ను లేదు. తెల్లవారి చేనుకు వచ్చే భార్యనూ, బిడ్డనూ అది ఎరుగదు. పంది కోసం వేసిన తీగకు మనుషులు బలియైన వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాము. సోలారు కంచె వేరు. అందులో సెకనుకొకసారి అతి స్వల్పకాలం మాత్రమే విద్యుత్తు కొడుతుంది. అది అదిలిస్తుంది గాని చంపదు. కాని దానికి సరియైన యంత్రమే పెట్టవలెను, ఇంటి లైను తగిలించరాదు.

ఇదంతా విన్న తరువాత నా మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. పిదప, "మా చేను వెనుక మా తమ్ముని మంచె ఉన్నది, అయ్యవారూ" అన్నారు. ఆ రాత్రి మేము రాసినది రైఫిలుకు అర్జీ కాదు. రేంజరు గారికి ఒకటి, సోలారు కంచె సహాయానికి వ్యవసాయశాఖకు ఒకటి. తుపాకి కావలెనని ఇంకనూ తోచిన సోదరులు పగటిపూట చేనులో నిలబడి, నాలుగు దిక్కులా ఏమేమి ఉన్నవో మొదట ఒక కాగితం మీద వ్రాసుకొనండి. ఏ తుపాకియో, అసలు తుపాకియే కావలెనో లేదో ఆ కాగితమే చెబుతుంది.