ఢిల్లీ బల్ల, పల్నాటి బల్ల

ఎన్నికల సంస్కరణల కోసం వేసిన కమిటీల గురించి సాహిత్య పత్రికలో ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. అది న్యాయవాదుల పని, రాజనీతిశాస్త్రం చదువుకునేవాళ్ళ పని అనవచ్చు. నా అభిప్రాయం వేరు. కమిటీ నివేదిక కూడా ఒక రచనే. అందులో మాట్లాడేవాళ్ళుంటారు, నోరు లేనివాళ్ళుంటారు. కథ చదివేటప్పుడు, ఇది ఎవరి కంటితో చూసిన లోకం, ఇందులో ఎవరు కనపడటం లేదు అని మనం అడుగుతాం. అదే ప్రశ్న నివేదికనూ అడగాలి. అడిగితే ఏం తేలుతుందో నాకు తెలిసిన నేల మీద, అంటే నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతం మీద నిలబడి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సభ్యులెవరు?

మొదట చెప్పుకోవలసింది తార్కుండే కమిటీ. 1974లో జయప్రకాశ్ నారాయణ్ 'సిటిజన్స్ ఫర్ డెమోక్రసీ' తరఫున వి.ఎం. తార్కుండే అధ్యక్షతన దాన్ని ఏర్పాటు చేశారు. మీనూ మసానీ, పి.జి. మవలంకర్, ఎ.జి. నూరానీ వంటివారు అందులో సభ్యులు. తార్కుండే పేరు తెలుగు పాఠకులకు కొత్తది కాదు. ఆయన ఎం.ఎన్. రాయ్ అనుయాయి; తెనాలిలో ఆవుల గోపాలకృష్ణమూర్తి నిలబెట్టిన భావధార కూడా అదే. 1977లో మన రాష్ట్రంలో జరిగిన ఎన్‌కౌంటర్ల మీద విచారణ జరిపిన కమిటీకి నాయకత్వం వహించిందీ ఆయనే. 1975 ఫిబ్రవరిలో ఇచ్చిన ఎన్నికల నివేదికలో ఈ కమిటీ 18 ఏళ్ళకే ఓటు హక్కు ఇవ్వమన్నది. ఎన్నికల కమిషనర్లను ప్రధాని ఒక్కడి ఇష్టానికి వదలకుండా ప్రధాని, లోక్‌సభలో ప్రతిపక్ష నాయకుడు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కలిసి ఎంపిక చెయ్యాలన్నది.

రెండోది 1990 నాటి గోస్వామి కమిటీ. వి.పి. సింగ్ ప్రభుత్వం జనవరిలో అఖిలపక్ష సమావేశం జరిపి, న్యాయశాఖ మంత్రి దినేశ్ గోస్వామి అధ్యక్షతన దీన్ని వేసింది. సభ్యుల జాబితా చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. భారతీయ జనతా పార్టీ నుంచి అద్వానీ, మార్క్సిస్టు పార్టీ నుంచి సోమనాథ్ చటర్జీ, కాంగ్రెస్ నుంచి హెచ్.కె.ఎల్. భగత్, కమ్యూనిస్టు పార్టీ నుంచి హోమీ దాజీ ఉన్నారు. వీధిలో ఎదురుపడితే ఒకరినొకరు ఖండించుకునేవాళ్ళు ఒకే బల్ల చుట్టూ కూర్చుని నాలుగు నెలల్లో, అదే ఏడాది మే నెలకల్లా, నివేదిక పూర్తి చేశారు.

మూడోది 1998లో ఇంద్రజిత్ గుప్తా నాయకత్వాన వేసిన కమిటీ. ఎన్నికల ఖర్చును ప్రభుత్వమే భరించడం దాని విషయం. సోమనాథ్ చటర్జీ ఇందులోనూ ఉన్నారు; మన్మోహన్ సింగ్, విజయకుమార్ మల్హోత్రా ఉన్నారు. గుర్తింపు పొందిన పార్టీలకు డబ్బు రూపంలో కాక వస్తు రూపంలో ప్రభుత్వ సహాయం ఇవ్వవచ్చని ఈ కమిటీ తేల్చింది. స్వతంత్ర అభ్యర్థులకు మాత్రం అందులో చోటు లేదు.

ఏది నెగ్గింది, ఏది నెగ్గలేదు?

ఈ పెద్దల చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. వారి సిఫార్సుల్లో ఏవి చట్టమయ్యాయి, ఏవి కాలేదు అన్నదే చూడాలి. గోస్వామి కమిటీ సిఫార్సుల్లో కొన్ని 1996లో చట్టంలోకి వచ్చాయి. ప్రచారానికిచ్చే వ్యవధి తగ్గింది. పోలింగ్ కేంద్రం దగ్గరకు ఆయుధంతో రావడం నేరమైంది. పోలింగు ముందు మద్యం అమ్మకం మీద నిషేధం వచ్చింది. అదే చట్టంతో శాసనసభ అభ్యర్థి ధరావతు 250 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. గుర్తింపు లేని పార్టీవాడికీ స్వతంత్రుడికీ పదిమంది ప్రతిపాదకులు కావాలన్నారు. ఓటరును, చిన్న అభ్యర్థిని, పోలింగు సిబ్బందిని క్రమశిక్షణలో పెట్టే సంస్కరణకు దారి తేలిగ్గానే దొరికింది.

ఎన్నికల కమిషనర్ల నియామకం సంగతి చూడండి. తార్కుండే కమిటీ చెప్పిన ముగ్గురి ఎంపిక సంఘం 48 ఏళ్ళకు, 2023 మార్చిలో, సుప్రీంకోర్టు తీర్పుతో అమల్లోకి వచ్చింది. ఆ డిసెంబరులోనే పార్లమెంటు చేసిన చట్టం అందులోంచి ప్రధాన న్యాయమూర్తిని తీసేసి కేంద్రమంత్రిని కూర్చోబెట్టింది. డబ్బు సంగతి చూడండి. పార్టీ పెట్టే ఖర్చు అభ్యర్థి లెక్కలోకి రాదని 1974లో చట్టాన్ని సవరించుకున్నారు. ఆ వెసులుబాటును చాలావరకు బిగించడానికి 2003 దాకా పట్టింది. ఎవరిచ్చారో ఓటరుకు తెలియకుండా పార్టీలకు డబ్బు చేర్చే ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరిలో కొట్టివేసింది సుప్రీంకోర్టే, పార్లమెంటు కాదు.

అన్ని పక్షాలూ నిజంగా ఒక్కటైన సందర్భం ఒకటుంది. అభ్యర్థి తన ఆస్తి, చదువు, నేరారోపణలు ఓటరుకు చెప్పాలని 2002లో సుప్రీంకోర్టు అన్నప్పుడు, ఆ జూలైలో అఖిలపక్ష సమావేశం జరిపి ఎన్నికల సంఘం ఉత్తర్వును వద్దన్నారు. దాన్ని నీరుగార్చే చట్టం చేశారు. 2003 మార్చిలో కోర్టు ఆ సెక్షనును కొట్టేసింది. దీన్నిబట్టి అఖిలపక్షం అన్న మాటకు రెండర్థాలున్నాయని తెలుస్తుంది. ప్రజల కోసం పక్షాలు కలవడం ఒకటి. ప్రజలకు తెలియకూడదని పక్షాలు కలవడం రెండోది.

అమెరికాలోనూ ఇటువంటి ప్రయత్నం జరిగింది. 2005లో డెమోక్రాట్ జిమ్మీ కార్టర్, రిపబ్లికన్ జేమ్స్ బేకర్ కలిసి ఎన్నికల సంస్కరణ సంఘానికి అధ్యక్షత వహించారు. 2000 నాటి ఫ్లోరిడా ఓట్ల లెక్కింపు వివాదంలో బుష్ పక్షాన వకాల్తా పట్టింది ఈ బేకరే. ఆ సంఘం 87 సిఫార్సులు చేసింది. ఓటరు ఫోటో గుర్తింపు కార్డు చూపాలన్న సిఫార్సు దగ్గర సభ్యుల్లోనే కొందరు అసమ్మతి రాశారు. కార్డు లేని పేదల, నల్లవారి ఓటు పోతుందన్నారు. అక్కడ తగాదా ఓటరెవరో తేల్చుకోవడం గురించి.

పల్నాడులో ఆ ఇబ్బంది లేదు. ఓటరెవరో, ఎవరి కొడుకో, ఎవరి అరక తోలతాడో బల్ల దగ్గర కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. ఇక్కడ భయమంతా తెలియడంలోనే ఉంది.

'పౌరుషం' అనే మాట

పల్నాటి ఎన్నికల గురించి పత్రికలు రాసేటప్పుడు రెండు మాటలు తప్పకుండా వస్తాయి: కోడిపోరు, పౌరుషం. శ్రీనాథుడి పేరున్న వీరచరిత్ర నుంచి కారెంపూడి రణక్షేత్రాన్ని తెచ్చి పోలింగ్ కేంద్రం ముందు నిలబెడతారు. ఈ అలంకారం వల్ల జరిగే మేలు ఎవరికి? తొమ్మిది వందల ఏళ్ళ నాటి రక్తమే కారణమైతే ఇవాళ ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు. పైగా ఆ కథనైనా మనం పూర్తిగా చదవడం లేదు. సంధికి వెళ్ళిన అలరాజును విషం పెట్టి చంపాకనే యుద్ధం తప్పనిదయింది. కులం చూడకుండా అందరూ కలిసి తిన్న బ్రహ్మనాయుడి చాపకూడు కూడా ఆ కథలోదే. పుల్లరి కట్టమని ఎదురు నిలిచి 1922లో ప్రాణమిచ్చిన కన్నెగంటి హనుమంతు కూడా ఈ నేలవాడే. ఎన్నికల వార్తల్లో వీళ్ళెవరూ కనిపించరు.

కారణాలు ఇప్పటివే, పైకి కనపడేవే. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్ళు వదిలాక మెట్టపొలం విలువ మారింది. పత్తి, మిరప వచ్చాయి. వాటితో అప్పు, పెట్టుబడి వచ్చాయి. మాచర్ల, దాచేపల్లి ప్రాంతాల సున్నపురాయి చుట్టూ సిమెంటు కర్మాగారాలు, పిడుగురాళ్ల చుట్టూ సున్నపు బట్టీలు, వాటితో లారీలు, కాంట్రాక్టులు వచ్చాయి. ఊళ్ళో రేషన్ దుకాణం, ఉపాధి హామీ మేట్ పని, కాలువ మరమ్మతు బిల్లు, ఇళ్ళ పట్టా, ఇవన్నీ గెలిచిన పక్షం చేతి మీదుగా నడిచాయి. ప్రభుత్వం మారితే ఇవి చేతులు మారతాయి. కనుక చిన్న రైతుకు ఓటమి అంటే అయిదేళ్ళ జీవనం పోవడం. 2019 ఎన్నికల తర్వాత ఊళ్ళు విడిచి వచ్చామని ఒక పక్షంవాళ్ళు గుంటూరు శిబిరంలో తలదాచుకున్నారు. 2024 తర్వాత అదే ఫిర్యాదు రెండో పక్షం చేసింది. రెండుసార్లూ ఇల్లు విడిచింది నాయకులు కారు.

బల్ల మీద ఇద్దరు

పోలింగ్ గదిలో ఎన్నికల అధికారి ఎదురుగా ఒక బల్ల ఉంటుంది. దాని మీద పోటీ పక్షాల ఏజెంట్లు పక్కపక్కన కూర్చుంటారు. ఈ దేశంలో అసలైన అఖిలపక్ష సంఘం అదేనని నా వాదన. పోలింగు మొదలయ్యే ముందు యంత్రంలో నమూనా ఓట్లు వేసి చూపించేది వారికి. సీలు మీద సంతకం పెట్టేది వారు. వచ్చినవాడు అసలు ఓటరు కాదనుకుంటే ఆక్షేపించే హక్కు వారిది. దానికి 1961 నాటి నిబంధనల ప్రకారం రెండు రూపాయలు కట్టాలి. సాయంత్రం ఎన్ని ఓట్లు పడ్డాయో చెప్పే 17సి ఫారం ప్రతి అందుకునేదీ వారే. శాసనసభ అభ్యర్థి 2024లో చట్టప్రకారం నలభై లక్షలు ఖర్చు పెట్టవచ్చు. ఆ ఎన్నికను కాపాడే ఆక్షేపణ ఖరీదు రెండు రూపాయలు. కాని ఆ రెండు రూపాయలు బల్ల మీద పెట్టడానికి ఎంత గుండె కావాలో ఏ కమిటీ లెక్కగట్టలేదు.

ఉపాధ్యాయుడిగా ఎన్నికల విధుల్లో నేనూ కూర్చున్నాను. ఒక ఊళ్ళో మధ్యాహ్నానికి ఒక పక్షం ఏజెంటు లేచిపోతుంటే కారణమడిగాను. "సాయంత్రం మీరు పెట్టె సర్దుకుని బస్సెక్కుతారు మాస్టారూ, నేను ఈ ఊళ్ళోనే పడుకోవాలి గదా" అన్నాడు. ఏజెంటు ఆ పోలింగ్ ప్రాంతపు ఓటరే అయివుండాలని చాలాకాలం నియమం ఉండేది. స్థానికుడికి మనుషులు తెలుస్తారన్నది దాని ఉద్దేశం. స్థానికుడు రాత్రికి ఎక్కడ తల వాల్చాలన్నది ఆ నియమం ఆలోచించలేదు. తర్వాత దాన్ని సడలించారు.

ప్రిసైడింగ్ అధికారి రాసే డైరీలో మూడు అంకెలు అడుగుతారు. పోలింగు మొదలైనప్పుడు ఎంతమంది ఏజెంట్లున్నారు, ఆలస్యంగా ఎంతమంది వచ్చారు, ముగిసేటప్పుడు ఎంతమంది మిగిలారు. మొదటి అంకెకూ చివరి అంకెకూ మధ్య తేడా ఉంటే ఎందుకని ఆ వరుసలో ఎవరూ అడగరు. పల్నాటి నవల ఎవరైనా రాయదలిస్తే వస్తువు ఆ రెండు అంకెల మధ్య ఉంది.

2019 ఏప్రిల్ 11 పోలింగు తర్వాత నరసరావుపేట నియోజకవర్గంలోని కేసానుపల్లి కేంద్రంలో మే 6న మళ్ళీ ఓటింగు పెట్టారు. 2021 మార్చి పురపాలక ఎన్నికల్లో మాచర్ల, పిడుగురాళ్లలో అన్ని వార్డులూ ఏకగ్రీవమయ్యాయి. పోలింగే లేదు కనుక బూత్ ఆక్రమణా లేదు, కాగితం మీద అంతా ప్రశాంతం. గ్రీవమంటే మెడ. ఊరంతటికీ ఒకటే మెడ ఉన్నట్టు కనపడితే, మిగతా మెడలు ఎందుకు వంగాయో అడగవలసినవాళ్ళలో రచయిత మొదటివాడు. 2024 మే 13న రెంటచింతల మండలం పాల్వాయి గేటు కేంద్రంలో అప్పటి స్థానిక శాసనసభ్యుడే యంత్రాన్ని నేలకేసి కొట్టిన దృశ్యం కెమెరాకు చిక్కింది. అడ్డుపడిన ప్రత్యర్థి పక్షం ఏజెంటు మీద హత్యాయత్నం జరిగిందని కేసు నమోదైంది. ఆ ఒక్క నియోజకవర్గంలోనే ఏడు కేంద్రాల్లో యంత్రాలు దెబ్బతిన్నాయని ఎన్నికల సంఘం చెప్పింది. జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసింది, కలెక్టరును బదిలీ చేసింది. దేశమంతా చూసింది పగిలిన యంత్రాన్ని. లేచి అడ్డం వెళ్ళిన మనిషిని చూసినవాళ్ళు తక్కువ.

ఏం అడగాలి?

ఒక్క సంస్కరణ గురించి చెప్పి ముగిస్తాను. కాగితపు ఓట్ల కాలంలో వేర్వేరు పెట్టెల ఓట్లను కలిపి లెక్కించే వీలు నిబంధనల్లో కల్పించారు. యంత్రాలు వచ్చాక ఏ కేంద్రం లెక్క ఆ కేంద్రానిదే. ఏ ఊరు, ఒక్కోచోట ఏ పేట, ఎవరికి వేసిందో ఫలితం రోజున పట్టిక చూస్తే తెలిసిపోతుంది. మాలపల్లెకు ఒక కేంద్రం, నడిఊరికి ఒక కేంద్రం ఉన్నచోట రహస్య ఓటుకు అర్థమేమిటి? కొన్ని యంత్రాల లెక్కను కలిపి ఒకే మొత్తంగా చూపే టోటలైజర్ అనే పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో దాన్ని సమర్థించింది. అది ఇంకా చట్టం కాలేదు. ఏ ఊరు తమకు వేసిందో, ఏది వెయ్యలేదో తెలియకుండా ఉండటం ఏ పెద్ద పక్షానికీ ఇష్టం లేదనుకోవడంలో తప్పులేదు.

ఢిల్లీ బల్ల చుట్టూ కూర్చున్న సభ్యులు విభేదించుకున్నా సాయంత్రం క్షేమంగా ఇళ్ళకు వెళ్ళారు. వారి ఏకాభిప్రాయం మనకు అవసరమే. కాని సంస్కరణకు కొలబద్ద పల్నాటి బల్లే కావాలి: రెండు పక్షాల ఏజెంట్లూ పొద్దున కూర్చున్నచోటనే సాయంత్రం దాకా కూర్చోగలిగారా, మర్నాడు తమ పొలానికి తాము వెళ్ళగలిగారా? ఈ ప్రశ్నకు అవునన్న జవాబు వచ్చేదాకా ఏ నివేదికా పూర్తయినట్టు కాదు. ఫాక్షన్ నాయకుణ్ణి మన కథా సాహిత్యం, సినిమా కావలసినంత చూపించాయి. అతని కింద రెండు రూపాయల హక్కుతో బల్ల చివర కూర్చున్న మనిషి కథ ఇంకా రాయవలసే ఉంది.