ఆటిజం పిల్లలకు తరగతి గదే పరీక్ష

చట్టం అండగా ఉన్నా బడిలో ఆదరణ కరవు

న్యూఢిల్లీ: మధ్యాహ్న విరామం ముగిసి గంట మోగుతుంది. నలభైమంది విద్యార్థులు ఒక్కసారిగా గదిలోకి వస్తారు. బల్లల చప్పుడు, ఫ్యాన్ల రొద, ఉపాధ్యాయుని కేక. ఇంతలో ఎనిమిదో తరగతి బాలుడొకడు చెవులు మూసుకుంటాడు. పుస్తకాలు విసిరివేస్తాడు. ఆపబోయినవారిని నెట్టివేస్తాడు. మరునాడు తండ్రికి బడి నుంచి పిలుపు వస్తుంది. టి.సి. తీసుకుపొమ్మంటారు. ఆటిజం గల పిల్లలున్న అనేక కుటుంబాలకు ఇది చిరపరిచితమైన అనుభవం.

ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించిన స్థితి. తల్లిదండ్రుల పెంపకంలోని లోపం వల్ల రాదు. ఈ పిల్లల్లో చాలామందికి శబ్దం, వెలుతురు, స్పర్శ ఇతరులకన్నా ఎంతో తీవ్రంగా తోస్తాయి. ముందుగా చెప్పని మార్పును వారు తట్టుకోలేరు. పై తరగతులకు వెళ్లేకొద్దీ పీరియడుకో ఉపాధ్యాయుడు, తోటివారి ఎగతాళి, యుక్తవయసు మార్పులు తోడవుతాయి. బాధను మాటల్లో చెప్పలేనివాడు చేతలతో చెబుతాడు.

అందువల్ల శిక్షకు ముందు కారణాన్ని వెదకాలన్నది నిపుణుల సూచన. సంఘటనకు ముందు ఏమి జరిగింది, బాలుడు ఏమి చేశాడు, తరువాత ఏమి జరిగింది అన్న మూడు విషయాలను కొన్ని వారాలపాటు నోటుపుస్తకంలో రాస్తే కారణం చాలావరకు బయటపడుతుంది. లెక్కల పీరియడులోనే గొడవ జరిగి, ప్రతిసారీ ఇంటికి పంపివేస్తుంటే, తప్పించుకునే మార్గం అదేనని బాలునికి బడే నేర్పినట్లవుతుంది. పంటినొప్పి, నిద్రలేమి, మూర్ఛ వంటివి లేవని వైద్యుని ద్వారా నిర్ధారించుకోవడం కూడా అవసరం.

నివారణకు పెద్ద ఖర్చు అక్కరలేదు. ఆనాటి కార్యక్రమాన్ని బొమ్మలతోనో, రాతలోనో బల్లపై అంటించవచ్చు. గంట మోగేముందు హెచ్చరించవచ్చు. బయటకు వెళ్లాలనిపించినప్పుడు చూపే కార్డు ఒకటి, కూర్చునేందుకు నిశ్శబ్దమైన మూల ఒకటి ఉంటే చాలు. కట్టుతెగినవేళ వాదన పనికిరాదు. మాటలు తగ్గించి, చుట్టూ ఉన్నవారిని దూరంగా పంపి, కుదుటపడేంతవరకు వేచి ఉండాలి. బుద్ధిమాటలకు అది సమయం కాదు.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ప్రస్తావన లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం దానిని చేర్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న 6 నుంచి 18 సంవత్సరాల పిల్లలకు సమీప పాఠశాలలో గాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితంగా చదువుకునే హక్కును ఆ చట్టం కల్పించింది. విద్యాహక్కు చట్టం ప్రకారం కొట్టడమే కాదు, మానసికంగా వేధించడమూ నిషిద్ధమే. సి.బి.ఎస్.ఇ. పరీక్షల్లో ఈ పిల్లలకు అదనపు సమయం, లేఖకుని సహాయం లభిస్తాయి. ఆటిజం తీవ్రతను కొలిచే 40 అంశాల భారతీయ కొలమానం సికింద్రాబాదులోని జాతీయ సంస్థలో రూపొందినదే.

సాధారణ పాఠశాలల్లో వైకల్యం గల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో 10 మందికి, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ఆదేశించింది. ఆ పోస్టులను ప్రకటించాలని 2025 మార్చిలో రాష్ట్రాలకు మళ్లీ చెప్పవలసివచ్చింది. ఆ ఉపాధ్యాయుడు వచ్చేదాకా భారమంతా తరగతి ఉపాధ్యాయునిపైన, ఇంట్లో తల్లిపైన పడుతోంది. వారిద్దరూ ఒకే నోటుపుస్తకంలో రాసుకోగలిగితే, టి.సి. అవసరం రాకుండానే ఆ బాలుడు తొమ్మిదో తరగతికి చేరవచ్చు.