గిటార్ పొట్టలో పదో తరగతి పాఠం

శ్రేణి సంధానం, సమాంతర సంధానం. పదో తరగతి భౌతికశాస్త్రం చదివే పిల్లలకు ఈ రెండు మాటలు కంఠతా వస్తాయి. సూత్రం అడిగితే చెబుతారు, లెక్క ఇస్తే చేస్తారు. ‘‘ఆ రెండింటి తేడా ఎప్పుడైనా అనుభవించారా?’’ అని అడిగితే మాత్రం తరగతి గది నిశ్శబ్దమైపోతుంది. బల్బులతో చేసి చూపిస్తే తేడా కంటికి తెలుస్తుంది. అదే తేడాను చెవికి వినిపించే వస్తువు ఒకటుంది. అదే ఎలక్ట్రిక్ గిటార్.

మన పిల్లలకు గిటార్ తెలియనిది కాదు. చర్చిలోనో, పెళ్లి ఆర్కెస్ట్రాలోనో చూసే ఉంటారు. దాని మూత విప్పి, లోపలి తీగలను మరో విధంగా కలిపి, కొత్త ధ్వని రాబట్టడం ఎన్నో దేశాల్లో కుర్రాళ్లకు ఇష్టమైన పని. ఆ పనిలో మన పాఠ్యపుస్తకంలోని రెండు మూడు అధ్యాయాలు దాగి ఉన్నాయి. ‘‘తెలుగులో సైన్సు చదివితే రేపు ఎందుకు పనికొస్తుంది మాస్టారూ?’’ అని మమ్మల్ని అడిగే తల్లిదండ్రులకు ఇవ్వవలసిన జవాబులో కొంత కూడా అందులోనే ఉంది.

పికప్ ఎలా పనిచేస్తుంది?

ఎలక్ట్రిక్ గిటార్‌లో ఉక్కు తీగల కింద పికప్ అనే భాగం ఉంటుంది. అయస్కాంతం, దాని చుట్టూ ఎనామెల్ పూత ఉన్న సన్నని రాగి తీగతో చుట్టిన చుట్ట, ఇంతే దాని నిర్మాణం. ఆ రాగి తీగ మందం సుమారు 0.06 మిల్లీమీటర్లు, అంటే తల వెంట్రుకంత. చుట్లు మాత్రం ఏడెనిమిది వేలు ఉంటాయి. అయస్కాంతం వల్ల పైనున్న ఉక్కు తీగ కూడా అయస్కాంతత్వం పొందుతుంది. ఆ తీగను మీటితే అది కంపిస్తుంది, తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారుతుంది, చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే ఇది. ఆంప్లిఫయర్ ఆ చిన్న విద్యుత్తును పెద్దది చేసి స్పీకరుకు పంపుతుంది. ఉక్కు తీగల బదులు నైలాన్ తీగలు బిగిస్తే ఈ పికప్ పలకదు. ఎందుకో పిల్లలనే చెప్పమనండి.

తండ్రీ కొడుకులు చేసిన గిటార్

1963లో లండన్ దగ్గర పదహారేళ్ల బడి కుర్రాడు బ్రయన్ మేకు మంచి ఎలక్ట్రిక్ గిటార్ కావాలనిపించింది. ఫెండర్ వంటి గిటార్ కొనే స్తోమత ఇంట్లో లేదు. తండ్రి హెరాల్డ్ మే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. మనమే చేద్దామని ఇద్దరూ కూర్చున్నారు. పాత నెగడు గూటికి వాడిన చెక్క గిటార్ మెడ అయింది. పాత మోటారుసైకిల్ స్ప్రింగులు, అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపు గుండీలు, అల్లికసూది కొన, అన్నీ ఆ గిటార్‌లో చేరాయి. పికప్‌లు కూడా మొదట స్వయంగా చుట్టారు. తీగను పక్కకు లాగి వాయించినప్పుడు వింత చప్పుడు వస్తుండటంతో వాటిని తీసేసి, బర్న్స్ కంపెనీ పికప్‌లు మూడు కొని బిగించారు.

అసలు తెలివి వాటిని కలిపిన తీరులో ఉంది. ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో రెండు పికప్‌లు కలిసి పలికేటప్పుడు అవి సమాంతర సంధానంలో ఉంటాయి. మే గిటార్‌లో మూడు పికప్‌లూ శ్రేణిలో ఉన్నాయి. ఒక్కోదానికి రెండు స్విచ్చులు: ఒకటి పలికించడానికీ ఆపడానికీ, రెండోది దాని దిశ తిప్పడానికి. మొత్తం ఆరు చిన్న స్విచ్చులు. ‘రెడ్ స్పెషల్’ అని పేరు పడిన ఆ గిటార్‌నే ఆయన తర్వాత క్వీన్ బృందంలో ప్రపంచమంతటా వాయించారు.

తల్లిదండ్రులు గమనించవలసిన సంగతి ఇంకొకటి. ఖగోళ భౌతికశాస్త్రంలో పరిశోధన మధ్యలో వదిలి పాటల వెంట వెళ్లినందుకు తండ్రి చాలా నొచ్చుకున్నారు. కొంతకాలం ఒక లండన్ బడిలో లెక్కలు కూడా చెప్పిన బ్రయన్ మే, ఆగిపోయిన ఆ పరిశోధనను పూర్తిచేసి 2007లో ఇంపీరియల్ కాలేజీ నుంచి డాక్టరేట్ పొందారు. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు.

ఒక స్విచ్చు, రెండు గొంతులు

ఈ మార్పును తేలిగ్గా చేసి చూపగల గిటార్ టెలికాస్టర్. అందులో రెండే పికప్‌లు ఉంటాయి. మామూలు స్విచ్చుకు మూడు స్థానాలు: ఇది, అది, రెండూ సమాంతరంగా. ఆ స్విచ్చు తీసి నాలుగు స్థానాల స్విచ్చు వేస్తే, నాలుగోదానిలో రెండూ శ్రేణిలో పలుకుతాయి. సూత్రం చిన్నదే. మొదటి పికప్ తీగ చివర ఒకటి గ్రౌండుకు కలిసి ఉంటుంది. దాన్ని అక్కడి నుంచి విడిపించి రెండో పికప్ సిగ్నల్ తీగకు చేర్చాలి. ఒక జాగ్రత్త అవసరం. మెడ వైపు పికప్‌కు లోహపు మూత ఉంటుంది. ఆ మూతకు విడిగా ఇంకో గ్రౌండు తీగ వేయాలి. లేకుంటే మూత సిగ్నల్ దారిలోకి వచ్చి, చెయ్యి తగిలినప్పుడల్లా గుంయ్‌మంటుంది.

ఇక లెక్క. ఒక్కో పికప్ నిరోధం 7 కిలో ఓములు అనుకుందాం. సమాంతరంలో 3.5, శ్రేణిలో 14 రావాలి. కానీ వాల్యూమ్ పూర్తిగా పెంచి, గిటార్ సాకెట్ దగ్గర మల్టీమీటరు పెడితే 14 చూపదు, సుమారు 13.3 చూపుతుంది. మీటరు పాడైందని పిల్లలు అంటారు. పాడవలేదు. 250 కిలో ఓముల వాల్యూమ్ కంట్రోలు పికప్‌లకు సమాంతరంగా కూర్చుంది. 14ను 250తో గుణించి 264తో భాగించమనండి, జవాబు దొరుకుతుంది.

ధ్వని తేడా ఇంకా స్పష్టం. శ్రేణిలో రెండు పికప్‌ల వోల్టేజీ కలిసి శబ్దం పెరుగుతుంది. తీగచుట్టల ప్రేరకత్వం కూడా కూడుతుంది కాబట్టి హెచ్చు పౌనఃపున్యాలు తగ్గి గొంతు బరువెక్కుతుంది. సమాంతరంలో అదే గిటార్ పలుచగా, తేటగా పలుకుతుంది. చెవి ఒకసారి పట్టుకున్న తేడాను పిల్లలు మళ్లీ మరచిపోరు.

1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌లో మూడు పికప్‌లకు మూడే స్థానాల స్విచ్చు ఉండేది. వాయించేవాళ్లు ఆ స్విచ్చును రెండు స్థానాల మధ్య నిలబెట్టి రెండు పికప్‌లను ఒకేసారి పలికించడం మొదలుపెట్టారు. చివరికి 1977లో కంపెనీయే అయిదు స్థానాల స్విచ్చు బిగించింది.

వైండింగ్ షాపులో ఉన్న విద్య

పికప్‌లలో ఒకదాని రెండు తీగలను అటూ ఇటూ మార్చి కలిపితే దిశ తిరగబడుతుంది. అప్పుడు రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ముక్కుతో పాడినట్టు సన్నని ధ్వని మిగులుతుంది. ఈ సంగతి మోటారు వైండింగ్ చేసేవారికి మేము చెప్పనక్కరలేదు. ఒక కాయిలు తిరగబడితే మోటారు సరిగా తిరగక మూలుగుతుందని వారికి చేతి అనుభవంతో తెలుసు. ఏ కాయిళ్లను శ్రేణిలో కలపాలో, వేటిని సమాంతరంగా కలపాలో వారికి రోజూ ఉన్న పనే. మన బడుల్లో అలాంటి తండ్రులు, మేనమామలు ఎందరో ఉన్నారు. వారిని ఒక పూట బడికి పిలిస్తే పాఠానికి అంతకు మించిన వ్యాఖ్యానం దొరకదు. తన నాన్న పని పుస్తకంలో ఉందని ఆ పిల్లవాడికి తెలియడం మార్కుల కన్నా పెద్ద విషయం.

తిరగబడిన చుట్టనే మేలుకు వాడుకున్నవాడు గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్. 1955లో ఆయన రెండు తీగచుట్టలున్న పికప్ తయారుచేశాడు. రెండోదానిలో చుట్టు దిశ, అయస్కాంత ధ్రువం రెండూ తిరగేశాడు. గోడలోని కరెంటు తీగల నుంచి వచ్చే గుంయ్‌కారానికి చుట్టు దిశ ఒక్కటే లెక్క కాబట్టి అది రద్దవుతుంది. గిటార్ తీగ ధ్వనికి రెండు తిరగవేతలూ లెక్కకొస్తాయి కాబట్టి అది కూడుతుంది. రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం. లెక్కల మాస్టారు ఇంతకన్నా మంచి ఉదాహరణ ఎక్కడ వెతకాలి?

మరువకూడని జాగ్రత్తలు

గిటార్‌లో పుట్టే విద్యుత్తు చాలా చిన్నది. దానికి గోడ కరెంటుతో నేరుగా సంబంధం లేదు. కాబట్టి ఆంప్లిఫయర్ నుంచి తీగ ఊడదీశాక గిటార్ మూత విప్పడంలో ప్రమాదం లేదు. ఆంప్లిఫయర్‌ను మాత్రం పిల్లలు విప్పకూడదు. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత ఆవేశం నిలిచి ఉండవచ్చు. గిటార్ ఉక్కు తీగలు ఆంప్లిఫయర్ గ్రౌండుకు కలిసి ఉంటాయి. అందుకే బడిలోని మూడు రంధ్రాల సాకెట్‌కు ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ముందే చూపించుకోవాలి. ఎర్త్ లేనిచోట ఒక చేత్తో గిటార్, మరో చేత్తో మైకు పట్టుకోవడం ప్రమాదం. టంకం వేసేటప్పుడు పక్కన పెద్దవాళ్లు ఉండాలి, కిటికీలు తెరవాలి, పని అయ్యాక చేతులు కడుక్కోవాలి. తీగలు ఊడదీసే ముందు ఏది ఎక్కడుందో బొమ్మ గీసుకోవాలి.

గిటార్ దొరకకపోతే పాఠం ఆగనక్కరలేదు. చెక్కపై ఒక ఉక్కు తీగను బిగువుగా లాగి కట్టండి. వైండింగ్ షాపులో దొరికే సన్నని రాగి తీగను అయస్కాంతం చుట్టూ ఓపికగా కొన్ని వేల చుట్లు చుట్టి దాని కింద పెట్టండి. రెండు కొసలనూ బడి మైకు సెట్టు ఇన్‌పుట్‌కు కలిపితే తీగ పలుకుతుంది. అలాంటివి రెండు చుట్టలు చేస్తే శ్రేణి, సమాంతరం రెండూ వినవచ్చు.

భాష సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. శ్రేణి అంటే సిరీస్, సమాంతరం అంటే ప్యారలల్, నిరోధం అంటే రెసిస్టెన్స్. విషయం వంటబట్టిన పిల్లవాడికి ఈ పేర్లు నేర్చుకోవడం ఒక సాయంత్రం పని. హోసూరులో తమిళంలో, బళ్లారిలో కన్నడంలో, బరంపురంలో ఒడియాలో అదే సంగతిని షాపువారితో మాట్లాడగలడు కూడా. విషయం అర్థం కాకుండా ఇంగ్లిష్ పేరు మాత్రం పట్టుకున్న పిల్లవాడికి స్విచ్చు ముందు కూర్చోబెడితే ఏ తీగ ఎక్కడికో తెలియదు. తల్లిదండ్రులకు మేము చెప్పేది ఇదే. మీ పిల్లలు ఏ భాషలో ఆలోచిస్తారో ఆ భాషలో ముందు అర్థం చేసుకోనివ్వండి, చేతులతో చెయ్యనివ్వండి. పేర్లు వాటంతట అవే వస్తాయి.