మీకు తెలుసా? స్మృతి నగర్ పేరులో ఒక రాగం దాగి ఉంది

భిలాయిలోని స్మృతి నగర్ పేరు రోజూ ఎన్నిసార్లు పలుకుతామో లెక్కలేదు. ఆ పేరులో కల్యాణి రాగం దాక్కుని ఉందని మీకు తెలుసా?

కటపయాది సూత్రంతో చూస్తే బయటపడుతుంది. క నుంచి ఝ దాకా ఉన్న తొమ్మిది హల్లులకు 1 నుంచి 9 వరకు అంకెలు. ట నుంచి ధ దాకా మళ్లీ 1 నుంచి 9. ప వర్గానికి 1 నుంచి 5. య నుంచి హ దాకా 1 నుంచి 8. ఞ, న సున్నాలు. విడిగా నిలిచిన అచ్చు కూడా సున్నాయే. గుణింతం ఏదైనా హల్లునే చూడాలి, సంయుక్తాక్షరమైతే అందులో చివరి హల్లును తీసుకోవాలి. ఆఖరున వచ్చిన అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలి. స్మృలో చివరి హల్లు మ, అంటే 5. తి అంటే 6. తిరగేస్తే 65. కర్ణాటక సంగీతంలో 72 మేళకర్త రాగాల్లో దాదాపు అన్నిటికీ పేరులోని మొదటి రెండు అక్షరాలతోనే వరుస సంఖ్య తెలుస్తుంది. మేళకర్తల్లో కల్యాణి పేరు మేచకల్యాణి. అందులో మే 5, చ 6, తిరగేస్తే 65. మన కాలనీదీ కల్యాణిదీ ఒకటే సంఖ్య.

తిరగేయడం మరిచిపోయినవాళ్లకు 56 వస్తుంది. అదీ మేళకర్తే, షణ్ముఖప్రియ! తప్పు జవాబు కూడా ఒప్పులాగే కనిపించే ఇలాంటి చోటే మంచి చిక్కుముడి పుడుతుంది. ఈ వారం ముచ్చటంతా అలాంటి చిక్కుముడిని చేత్తో పట్టుకుని చేసే నిధివేట గురించే.

ఆ ఆట పేరు జియోక్యాషింగ్. ఇక్కడ క్యాష్ అంటే డబ్బు కాదు, దాచిపెట్టినది అని. ఎవరో ఒక చిన్న డబ్బా దాచి, అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలను ప్రకటిస్తారు. మిగతావాళ్లు ఫోను పట్టుకుని వెతుకుతారు. దొరికితే అందులోని పుస్తకంలో పేరు, తేదీ రాసి, డబ్బాను ఉన్నచోటే ఉన్నట్టే పెట్టి వచ్చేస్తారు.

ఈ ఆటకు పుట్టినరోజు ఉందని తెలుసా? అంతకుముందు అమెరికా తన జీపీఎస్ సంకేతాల్లో కావాలనే తప్పు కలిపేది. సామాన్యుల పరికరాలు 100 మీటర్ల దాకా అటూ ఇటూ చూపించేవి. 2000 మే మొదటివారంలో అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆ తప్పును తీసేయించారు. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో, బీవర్‌క్రీక్ దగ్గరి అడవిలో ఒక బకెట్టు దాచి, అది ఎక్కడుందో అంకెల్లో చెప్పాడు. మూడు రోజుల్లో ఇద్దరు కనిపెట్టేశారు. ఆ బకెట్టును ఆయన సగం నేలలో పాతిపెట్టాడు, లోపల ఒక చిక్కుడుగింజల డబ్బా కూడా ఉంచాడు. ఇప్పటి నియమాల ప్రకారం రెండూ కుదరవు. దాచడానికి గొయ్యి తవ్వకూడదు, తినే వస్తువు పెట్టకూడదు. జంతువులు వాసన పట్టి డబ్బా చీల్చేస్తాయి కాబట్టి ఆ నియమం సరైనదే.

ఈ ఆటలోని డబ్బాల్లో నీలి ప్రశ్నార్థకం గుర్తున్నవి నాకు మహా ఇష్టం. వీటిలో పైకి ప్రకటించిన చోట ఏమీ ఉండదు. అది ఉత్త ఆనవాలు. అసలు చోటు సాధారణంగా అక్కడి నుంచి 3.2 కిలోమీటర్ల లోపు ఎక్కడో ఉంటుంది, చిక్కుముడి విప్పితేనే తెలుస్తుంది. చిక్కుముడి కష్టానికి 1 నుంచి 5 వరకు, దారి కష్టానికి 1 నుంచి 5 వరకు అరమార్కులతో సహా విలువ కడతారు. తొమ్మిదింటిని తొమ్మిదితో గుణిస్తే 81 రకాలు. మన ఊరి రేఖాంశం కూడా 81 డిగ్రీలే!

ఇప్పుడు స్మృతి నగర్‌లో మీరే ఒకటి పెట్టాలనుకున్నారనుకుందాం. ఎన్ని అంకెలు దాచాలి?

భిలాయిలో ఎక్కడ నిలబడినా అక్షాంశం 21 డిగ్రీలు, రేఖాంశం 81 డిగ్రీలు. అవి దాచినా లాభం లేదు. తరువాతి నిమిషాల అంకెలను కూడా బాహాటంగా ఇచ్చేయండి. మిగిలేవి నిమిషం తరువాతి దశాంశాలు, అటు మూడు, ఇటు మూడు, మొత్తం ఆరే అంకెలు. ఆరేనా అని తీసిపారేయకండి. అక్షాంశంలో ఒక నిమిషం అంటే 1.85 కిలోమీటర్లు. మన ఊరి దగ్గర రేఖాంశంలో ఒక నిమిషం 1.73 కిలోమీటర్లు. ఆ దీర్ఘచతురస్రాన్ని ఆరు అంకెలు 10 లక్షల గడులుగా కోస్తాయి. ఒక్కో గడి 1.85 మీటర్లకు 1.73 మీటర్లు, ఒక మంచం పట్టేంత చోటు.

అన్ని అంకెలకూ బలం ఒకటి కాదని కూడా గుర్తుపెట్టుకోవాలి. చివరి అంకె ఒకటి తప్పితే రెండు మీటర్లు కూడా తేడా రాదు, ఫోనే మామూలుగా అంతకంటే ఎక్కువ తప్పుతుంది. దశాంశం పక్కనున్న మొదటి అంకె ఒకటి తప్పితే 185 మీటర్లు, అంటే ఎవరిదో గేటు ముందు వెతుకుతూ నిలబడాల్సి వస్తుంది. అందుకని మొదటి అంకెలు తేల్చే ఆధారం ఉక్కులా గట్టిగా ఉండాలి. ఊహకు వదిలేది ఏదైనా ఉంటే అది చివరి అంకెకే.

కటపయాది ఇక్కడ అద్భుతంగా పనికొస్తుంది. కేరళకు చెందిన హరిదత్తుడు 7వ శతాబ్దంలోనే గ్రహగణితానికి వాడిన పద్ధతి ఇది. ముందుగా చోటు ఎంచుకోండి, తరువాతే మాట. అక్కడి అక్షాంశం దశాంశాలు 246 అని వచ్చాయనుకోండి. తిరగేస్తే 642. ఆరుకు చ, త, ష. నాలుగుకు ఘ, ఢ, భ, వ. రెండుకు ఖ, ఠ, ఫ, ర. కాగితం మీద మూడు వరుసలుగా రాసుకుని ఒక్కొక్కటీ కలుపుతూ, గుణింతాలు మార్చుకుంటూ పోతే ఒక చోట కళ్లు ఆగిపోతాయి. చివర! రేఖాంశం 531 అయితే, తిరగేస్తే 135. క, ల, మ దొరికాయి. గుణింతాలు తగిలిస్తే కొలిమి. ఉక్కు నగరానికి ఇంతకంటే తగిన మాట వెతికినా దొరకదు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడ ప్రారంభించిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ కూడా కొలిమి వంశానిదే కదా.

(ఇవి నమూనా అంకెలు. వీటిని పట్టుకుని బయలుదేరకండి, అక్కడ డబ్బా లేదు.)

ఇక మాటను నేరుగా ఇవ్వకుండా పొడుపుకథగా మార్చాలి. ‘తాడుకు రెండుంటాయి, కథకు ఒకటే ఉంటుంది, వినేవాళ్లంతా దాని కోసమే కూర్చుంటారు.’ చదవగానే కొందరికి కొస అని తోస్తుంది. అదీ తప్పనలేం. కాబట్టి ‘మూడక్షరాలు’ అని పక్కన తప్పకుండా రాయాలి. రెండో మాటకు, ‘తిత్తి ఊపిరి పోస్తే ఎర్రబడుతుంది, దాని ఒళ్లో పడుకున్న ఇనుము మెత్తబడుతుంది, మూడక్షరాలు.’ పొడుపుకథకు రెండు జవాబులు వస్తే తప్పు విప్పేవాళ్లది కాదు, పెట్టినవాళ్లదే. ఈ మాట నేను గట్టిగా చెబుతాను. కష్టం ఆలోచనలో ఉండాలి కానీ, ఏది సరైనదో తెలియని అయోమయంలో ఉండకూడదు.

సరిగ్గా విప్పినా ఖాయం చేసుకోలేకపోతే ఏమవుతుందో ఇంగ్లండులో ఒకసారి ప్రపంచమంతా చూసింది. కిట్ విలియమ్స్ అనే చిత్రకారుడు 1979లో మాస్కరేడ్ అనే బొమ్మల పుస్తకం తెచ్చాడు. ఆ బొమ్మలను సరిగ్గా చదివితే ఆయన పాతిపెట్టిన బంగారు కుందేలు ఎక్కడుందో తెలుస్తుంది. వేలమంది తలలు బద్దలు కొట్టుకున్నారు. 1982లో ఆ కుందేలు, బొమ్మలను విప్పకుండానే చోటు తెలుసుకున్న మనిషి చేతికి చిక్కింది. చిక్కుముడిని అసలు పద్ధతిలో విప్పిన ఇద్దరు భౌతికశాస్త్రం మాస్టార్లు కుందేలు ఉన్న పార్కులోనే తవ్వి కూడా, మట్టిలో ఉన్నదాన్ని గుర్తుపట్టలేక వెనుదిరిగారు. వాళ్ల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మన నమూనాకు సరిచూసుకునే దారి ఎలా? ఆరు అంకెలూ కూడండి. 2, 4, 6, 5, 3, 1. మొత్తం 21, మన అక్షాంశం డిగ్రీలు! ‘మొత్తం ఊరి అక్షాంశమంత’ అని ఒక్క ముక్క రాస్తే చాలు, అక్షరానికి అంకె తప్పుగా వేసినవాళ్లు చాలావరకు అక్కడే ఆగి సరిదిద్దుకుంటారు. కానీ తిరగేయడం మరిచినవాళ్లను ఈ కూడిక పట్టుకోలేదు. 642, 135 కలిపినా అంకెల మొత్తం 21 దగ్గరే ఆగుతుంది. దానికి ఇంకో ముక్క కావాలి. ‘మొదటి సంఖ్య రెండోదాని కంటే చిన్నది.’ 246, 531 సరిపోయాయి. ఒకటి తిరగేసి ఒకటి మరిచినా, రెండూ మరిచినా, ఎలా చూసినా మొదటిదే పెద్దదవుతుంది. రెండు చిన్న వాక్యాలతో తలుపుకు గడియ పడింది.

కటపయాదికి లిపితో పని లేదు, ధ్వనితోనే పని. ఇక్కడి తెలుగు ఇళ్లలో అమ్మమ్మ దగ్గర తెలుగు మాట్లాడి, బడిలో హిందీ రాసే పిల్లలు చాలామంది. వాళ్లకు తెలుగు అక్షరాలు గడగడా చదవడం రాకపోవచ్చు. కానీ క ఖ గ ఘ వరుస వాళ్లకు హిందీలోనూ అదే. కొలిమి అని చెవిన పడితే చాలు, వేళ్ల మీద లెక్కపెట్టి క ఒకటి, ల మూడు, మ ఐదు అని తేల్చేస్తారు. పక్కింటి ఒడియా పిల్ల, ఎదురింటి మలయాళీ అబ్బాయి కూడా అదే లెక్క వేయగలరు. భిలాయిని మినీ ఇండియా అంటారు కదా, ఇన్ని భాషల పిల్లలు ఒకే తాళంచెవితో ఆడుకోగల చిక్కుముడి ఇంతకంటే ఏముంటుంది? పొడుపుకథ విప్పాలంటే మాత్రం తెలుగు మాట కావాలి. దాని కోసం పిల్లలు అమ్మమ్మ దగ్గరికో తాతయ్య దగ్గరికో వెళ్లాల్సిందే. ఆ ఒక్క కారణానికైనా ఈ ఆట మన కాలనీలో ఆడించాలని నా కోరిక.

భిలాయిలో చుట్టిన రైలు పట్టాల నడుము మీద తయారీదారు పేరు, చుట్టిన నెల, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయని తెలుసా? ఆ అంకెలు చిక్కుముడికి వాడుకోమని ఊరిస్తాయి. అయినా ఆశపడకండి. ఆట కోసం ఎవరినీ పట్టాల దగ్గరికి పంపకూడదు. ఉక్కు కర్మాగారం గోడల ఛాయలకూ వద్దు, అక్కడ సీఐఎస్ఎఫ్ కాపలా ఉంటుంది. దుకాణాల బోర్డుల మీది అంకెలూ వాడకండి, రేపు రంగు మారితే మీ చిక్కుముడి చచ్చిపోతుంది.

డబ్బా విషయానికొస్తే, మన దేశంలో దిక్కులేని పెట్టె కనిపిస్తే జనం భయపడతారు. అది సహజం. లోపల ఏముందో బయటికి కనిపించే పారదర్శకమైన డబ్బా పెట్టండి. ‘ఇది నిధివేట ఆట, ప్రమాదం లేదు’ అని తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో పైన అంటించండి. స్థలం ఎవరిదో వాళ్లను ముందే అడగండి. పార్కు అయితే చూసుకునేవాళ్ల చెవిన వేయండి. లోపల పెన్ను కాదు, పెన్సిలు పెట్టండి. తడి తగిలితే సిరా అలుక్కుపోతుంది, పెన్సిలు గీత చెదరదు. మూతకు రబ్బరు అంచున్న డబ్బా తీసుకోండి, ఆగస్టు వానకు మామూలు మూతలు ఆగవు. వేసవి ఎండకు చౌక ప్లాస్టిక్ పెళుసుబారి చిట్లుతుంది.

పెట్టే ముందు మీ చిక్కుముడి గురించి ఏమీ తెలియని ఒకరి చేత విప్పించి చూడండి. వాళ్లు తడబడిన చోట పక్కనే కూర్చుని, నోరు విప్పకుండా, ఎక్కడ ఆగారో రాసుకోండి. పెట్టాక వదిలేయకండి. జూన్‌లో వాన పడకముందు ఒకసారి, అక్టోబరులో మరోసారి వెళ్లి డబ్బా తెరిచి చూడండి. పుస్తకం తడిస్తే కొత్తది పెట్టి, పాతదాన్ని ఎండబెట్టి దాచండి, అందులో వెతికి దొరకబుచ్చుకున్న పిల్లల పేర్లుంటాయి.